డిండి వైపు గుట్ట మీదికి పొగబండి: వాలు, నీళ్లు, బాయిలర్

నల్లగొండ జిల్లా మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లు నడిపే ఒక యజమానికి డిండి వైపు ఒక గుట్ట, దాని చుట్టూ కొంత పట్టా భూమి ఉన్నాయి. గుట్ట నెత్తిన బస గదులు కట్టించాడు. వచ్చిన జనాన్ని జీపుల్లో కాకుండా, రెండడుగుల గేజ్ పట్టాల మీద ఆవిరి ఇంజన్‌తో పైకి ఎక్కించాలని ఆయన కోరిక. ఉత్తరాదిలో ఒక చక్కెర మిల్లు చెరకు తోలడానికి వాడి మూలకు పెట్టిన ఇంజన్‌కు అప్పటికే బయానా కూడా ఇచ్చేశాడు. నాది మిల్లుల బాయిలర్లు చూసే పని. ఆయన మిల్లు బాయిలర్‌ను ఏటా తనిఖీకి సిద్ధం చేసేది నేనే కాబట్టి ఇదీ నా నెత్తినే పడింది. "నడుస్తదా నడవదా, ఒక కాగితం మీద రాసియ్యి సారూ" అన్నాడు. ఆ కాగితం కాస్త పెద్దదై ఇలా తయారైంది. గుట్ట ఆనవాళ్లు, మనుషుల పేర్లు తీసేశాను. కొలతలు మాత్రం నివేదికలో ఉన్నవే.

ఆయన మనసులో ఉన్నది ఊటీ రైలు. కుటుంబంతో మేట్టుపాళయం నుంచి ఎక్కి పోయొచ్చాడు, ఫోన్లో వీడియోలున్నాయి. "ఊటీ బండి ఎక్కుతలేదా? మన గుట్ట దానికన్న ఎక్కువున్నదా?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఊటీ సముద్ర మట్టానికి సుమారు 2,200 మీటర్ల ఎత్తు. మన గుట్ట అడుగు నుంచి నెత్తి వరకు 72 మీటర్లు. కానీ రైలుకు ఎత్తుతో పేచీ లేదు, వాలుతోనే. అడుగున బండి ఆగే చోటి నుంచి పైన దిగే చోటికి సూటిగా కొలిస్తే 900 మీటర్లు. అంటే పన్నెండున్నర మీటర్లు నడిస్తే ఒక మీటరు ఎక్కుడు. ఊటీ బండి నడిచే నీలగిరి లైనులో కల్లార్ దాటాక కూనూరు దాకా ఉన్న కఠినమైన వాలు దాదాపు ఇంతే, అక్కడ గరిష్ఠం 1:12. ఆ వాలును వాళ్లు మామూలు చక్రాలతో ఎక్కలేదు. పట్టాల నడుమ పళ్ల కడ్డీ పరిచారు. ఇంజన్ కింద ఉన్న పళ్ల చక్రం ఆ కడ్డీని పట్టుకుని పైకి పోతుంది. ఆ పద్ధతి పేరు ఆబ్ట్. స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్ నుంచి వచ్చిన ఎక్స్ తరగతి ఇంజన్లకు నాలుగు సిలిండర్లు. మామూలు చక్రాలను తిప్పడానికి రెండు, పళ్ల చక్రాలను తిప్పడానికి రెండు. పళ్ల కడ్డీ ఉన్న మేర వేగం గంటకు 13 కిలోమీటర్లు దాటదు. ఇంజన్ బండిని లాగదు, కింది వైపు నుంచి నెడుతుంది. ప్రతి పెట్టె ముందూ ఒక బ్రేక్ మనిషి నిలబడి ఉంటాడు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా తెరిచిన ఆ లైను 46 కిలోమీటర్లలో 16 సొరంగాలు, 250 వంతెనలు దాటుతుంది. అది మీటర్‌గేజ్ కూడా. మన సేటు కోరిన రెండడుగుల గేజ్‌కు ఊటీని చూపించి ప్రయోజనం లేదు, డార్జిలింగ్‌ను చూపించాలి.

డార్జిలింగ్ హిమాలయన్ రైల్వేలో పళ్ల కడ్డీ ఎక్కడా లేదు. ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ అనే రైల్వే అధికారి 1878లో ప్రతిపాదించాడు. 1881 నాటికి బండి డార్జిలింగ్ చేరింది. అప్పటికే ఎద్దుబండ్లు తిరుగుతున్న హిల్ కార్ట్ రోడ్డు పక్కనే పట్టాలు వేశారు. చాలా చోట్ల రోడ్డు వాలు ఇంజన్లకు మించిపోయింది. 1882లో సుక్నా, గయాబారీ మధ్య చుట్టు మలుపులు, వెనక్కి తగ్గి పైకెక్కే జిగ్‌జాగులు వేసి దారిని పొడవు చేశారు. ఎత్తును తగ్గించలేం, దారినే పెంచాలి. ఆ లైను మొత్తం తెలివి ఇదే. సుమారు 88 కిలోమీటర్ల దారిలో ఘూమ్ దగ్గర 2,258 మీటర్ల ఎత్తుకు చేరి, అక్కణ్నుంచి డార్జిలింగ్‌కు దిగుతుంది. ఆ దిగుడు కూడా ఇంజన్లకు ఇబ్బందైతే 1919లో బతాసియా చుట్టు కట్టారు. 1999లో యునెస్కో ఆ రైల్వేను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మన లెక్కకు పనికొచ్చేది ఆ లైను మీది బి తరగతి ఇంజన్. 1889 నుంచి షార్ప్ స్టీవర్ట్ కంపెనీ, తర్వాత మరికొందరు తయారు చేశారు. నాలుగే చక్రాలు, నాలుగూ తిరిగే చక్రాలే. ఇంజన్ బరువంతా పట్టాలను పట్టుకోవడానికే ఉపయోగపడుతుంది. నీళ్ల ట్యాంకు బాయిలర్ వీపు మీద జీను వేసినట్టు కూర్చుంటుంది. బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 140 పౌండ్లు, మన లెక్కలో చదరపు సెంటీమీటరుకు 9.8 కిలోల దరిదాపు. మిర్యాలగూడ మిల్లుల్లో మామూలుగా కనిపించే బాయిలర్ నేమ్‌ప్లేటు మీద 10.54 కిలోలు ఉంటుంది. ఆవిరి ఒత్తిడి విషయంలో మన వడ్ల బాయిలర్, డార్జిలింగ్ ఇంజన్ ఇరుగుపొరుగువే. ఈ మాట విని సేటు ముఖం వెలిగింది. అంత తొందర వద్దన్నాను. మిల్లు బాయిలర్ పుట్టిన చోటు నుంచి కదలదు, వంగదు, నీటి మట్టం ఎప్పుడూ మట్టంగానే ఉంటుంది. ఆ తేడా దగ్గరకు తర్వాత వస్తాను.

పట్టు లెక్క

బయానా ఇచ్చిన ఇంజన్ పని బరువు 10 టన్నులు, అంతా తిరిగే చక్రాల మీదే. ఎండిన శుభ్రమైన పట్టాల మీద బరువులో ఐదో వంతు లాగుడు దొరుకుతుందని పట్టుకుంటే 2,000 కిలోలు. తడి పట్టాల మీద ఇసుక వేయకపోతే 1,200 కిలోలు దొరికినా అదృష్టమే. మన గుట్టల నిండా సీతాఫలం చెట్లు. వాన తుంపరలో రాలిన ఆకు చక్రం కింద నలిగితే పట్టా సబ్బు రాసినట్టు అవుతుంది, అప్పుడు 1,200 కూడా ఉండదు.

రెండు పెట్టెలు, పెట్టెకు ఇరవై మంది. ఖాళీ పెట్టె 3 టన్నులు, మనుషులు 1.3 టన్నులు. ఇంజన్‌తో కలిపి మొత్తం 18.6 టన్నులు. 1:12.5 వాలు మీద టన్నుకు 80 కిలోలు వాలే తింటుంది. దొర్లుడు, మలుపుల రాపిడి కలిపితే 97. మొత్తం 1,800 కిలోలు. ఎండలో చచ్చీ చెడీ ఎక్కుతుంది, తడిలో చక్రాలు నిలబడ్డ చోటే తిరుగుతాయి. అదే 1:30 వాలైతే టన్నుకు 50 కిలోల చొప్పున మొత్తం 930. తడి పట్టాల మీద కూడా చేతిలో కొంత మిగులుతుంది. ఈ రెండు అంకెలు చూపించాక సూటి దారి గొడవ ముగిసింది.

డార్జిలింగ్‌లో ఇంజన్ ముందు ఇద్దరు మనుషులు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లుతుంటారు. చూసేవాళ్లకు అదొక వింత, నడిపేవాళ్లకు ప్రాణాధారం. మన బండికి గొట్టాలతో ఇసుక వేసే ఏర్పాటు రాశాను. ఇసుక జల్లెడ పట్టి, ఎండబెట్టి, మూత పెట్టిన డబ్బాలో ఉంచాలి. వాగు నుంచి తెచ్చిన పచ్చి ఇసుక గొట్టంలోనే ఇరుక్కుంటుంది. దిగుడుకు ఇంజన్ మీద ఆవిరి బ్రేకు, ప్రతి పెట్టెకూ చేతి బ్రేకు, చేతి బ్రేకు దగ్గర ఒక మనిషి. ఈ మనిషి జీతం మిగుల్చుకుందామని సేటు గుమాస్తా రెండుసార్లు కదిలించాడు. నీలగిరిలో నూరేళ్లు దాటినా ఎందుకు తీసేయలేదో కనుక్కుని రమ్మన్నాను.

జిగ్‌జాగా, చుట్టా

72 మీటర్ల ఎత్తును 1:30లో ఎక్కాలంటే 2,160 మీటర్ల దారి కావాలి. మలుపుల్లో వాలు కాస్త తగ్గించాలి కాబట్టి 2,300 అనుకున్నాను. 900 మీటర్ల గుట్ట మొహంలో అంత దారి ఇమడ్చడానికి రెండే పద్ధతులు, జిగ్‌జాగ్, చుట్టు. జిగ్‌జాగ్ చవక: వంతెన అక్కర్లేదు, కొసల్లో బండి నిలిచేంత చదును చేస్తే చాలు. సర్వే చేసిన కుర్రాడు దాన్నే గీసుకొచ్చాడు. కాగితం మీద అందంగా ఉంది. నేను అడ్డం పడింది బాయిలర్ వైపు నుంచి.

లోకో బాయిలర్‌లో వెనక భాగం ఫైర్‌బాక్స్, మంటలు మండే గది. దాని పైకప్పు ప్లేటును క్రౌన్ షీట్ అంటారు. దాని కింద నిప్పు, పైన నీళ్లు. ఆ ప్లేటు మీద నీళ్లున్నంత వరకే అది ఇనుము. నీళ్లు తొలిగి కొద్ది నిమిషాలైతే ఎర్రబడి మెత్తబడి, ఆవిరి ఒత్తిడికి లోపలికి కుంగుతుంది. ఆవిరి ఇంజన్ల పేలుళ్లలో ఘోరమైనవి అలా జరిగినవే. చివరి కాపలాగా ఆ ప్లేటులో సీసం నింపిన ఫ్యూజిబుల్ ప్లగ్ ఉంటుంది. వేడెక్కితే సీసం కరిగి, ఆవిరి మంట మీదికి దూకి ఆర్పుతుంది.

ఇప్పుడు వాలు. ఈ ఇంజన్ బాయిలర్ పొడవు సుమారు 3 మీటర్లు. 1:30 వాలు మీద చిమ్నీ పైకి, ఫైర్‌బాక్స్ కిందికి ఉండేలా నిలబెడితే నీళ్లు వెనక్కి చేరి, వెనక కొసన మట్టం 5 సెంటీమీటర్లు పెరుగుతుంది. క్రౌన్ షీట్‌కు మంచిదే. జిగ్‌జాగులో మొదటి కాలు ఇలాగే ఎక్కుతాం. రెండో కాలులో బండి వెనక్కి నడుస్తూ పైకెక్కుతుంది. అప్పుడు ఫైర్‌బాక్స్ పైన, చిమ్నీ కింద. నీళ్లు ముందుకు పోతాయి, వెనక మట్టం 5 సెంటీమీటర్లు తగ్గుతుంది. కాలు మారిన నిమిషంలో మొత్తం 10 సెంటీమీటర్ల తేడా. నీటి మట్టం చూపే గేజ్ గ్లాసు ఉండేది కూడా వెనకే. మొదటి కాలులో గ్లాసు నిండుగా కనిపిస్తుంది, బాయిలర్‌లోకి నీళ్లు ఎక్కించే ఇంజెక్టర్‌ను డ్రైవర్ కట్టేస్తాడు. రెండో కాలులోకి తిరగ్గానే గ్లాసు అడుగంటుతుంది.

నేను లెక్కల్లో పట్టుకున్న ఈ విషయం మహబూబ్‌నగర్‌లో ఒక పెద్దాయనకు చేతివేళ్ల మీద ఉంది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల, కర్నూలు మీదుగా ద్రోణాచలం పోయే లైను 1990లలో బ్రాడ్‌గేజ్ అయ్యేదాకా మీటర్‌గేజే. ఆయన కుర్రతనంలో ఆ లైను మీద బొగ్గు కొట్టిన ఫైర్‌మన్. (నల్లగొండ టౌనుకు రైలు వచ్చిందే 1980ల చివర్లో బీబీనగర్–నడికుడి లైనుతో. అందుకే పొగబండి మనిషి కోసం పాలమూరు పోవలసి వచ్చింది.) గీత చూపించగానే రెండో కాలు మీద వేలు పెట్టాడు. "ఎక్కుడుల గ్లాసు చూసి మురవకు బిడ్డా. మెట్ట మీదికొచ్చినంక చూడు, అప్పుడు తెలుస్తది నీళ్లున్నయా లేవా అని." ఆ లైనులో ఇంత వాలు లేకపోయినా ఎక్కుడు దాటి సమతలానికి రాగానే గ్లాసు పడిపోవడం ఆయన రోజూ చూసినదే. బొగ్గు ఎలా వేయాలో, పలచగా పరిచి వెనక మూలలు నిండుగా ఎందుకు ఉంచాలో కూడా చాలాసేపు చెప్పాడు. అది ఈ నివేదికకు అవసరం లేదు గానీ, ఫైర్‌మన్‌ను తీసుకునేటప్పుడు ఆయన్ను నెల రోజులు పక్కన కూర్చోబెట్టమని సేటుకు రాసిచ్చాను.

డార్జిలింగ్‌లో జిగ్‌జాగులు ఇప్పటికీ ఉన్నాయి, నడుస్తున్నాయి. తరాలుగా అదే లైను, అదే ఇంజన్, చేతిలో పెరిగిన సిబ్బంది. మనకు వచ్చేవాడు మిల్లు బాయిలర్ లైసెన్సు ఉన్న ఆపరేటర్, కదిలే బాయిలర్‌ను ఎన్నడూ చూడనివాడు. వాడి చేతికి తేడా వచ్చే గ్లాసు ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

చుట్టులో ఈ చిక్కు లేదు. ఎక్కినంత సేపూ చిమ్నీ పైకే. దిగేటప్పుడు ఇంజన్‌ను తిప్పకుండా వెనక్కి దింపితే అప్పుడూ చిమ్నీ పైకే, నీళ్లు ఎప్పుడూ ఫైర్‌బాక్స్ మీదే. ఖర్చు ఎక్కడంటే, లైను తన మీదుగా తాను దాటాలి. డార్జిలింగ్ లైనులో అతి బిగువు మలుపు ఆగనీ పాయింట్ దగ్గరి చుట్టు, వ్యాసార్ధం 18 మీటర్ల దరిదాపు. మొదట 20 మీటర్లతో గీశాం. చుట్టుకొలత 126 మీటర్లు. మలుపు కోసం వాలును 1:36కు తగ్గిస్తే ఒక చుట్టులో వచ్చే ఎత్తు 3.5 మీటర్లు. కింది బండి చిమ్నీ, మీద వంతెన దూలం మందం కలిపితే అది చాలదు. 24 మీటర్లకు పెంచితే 4.2 వచ్చింది. గుట్ట తూర్పు భుజం మీద ఉన్న పరుపు బండ చుట్టూ అది సరిగ్గా కూర్చుంది. మిగతా దారి గుట్ట వెనక్కి తిరిగి రావడంతో పూర్తయింది.

పరుపు బండ మీద పడ్డ వాన ఆగదు, ఒక్కసారిగా దూకుతుంది. లైను కోసిన ప్రతి చోటా ఎగువన కాలువ, దిగువన తూము వేయాలని, వాటి ఖర్చు పట్టాల ఖర్చుతో సమానమైనా తగ్గించవద్దని రాశాను. డార్జిలింగ్‌లో 2010లో పాగ్లాఝోరా దగ్గర, మరుసటి ఏడాది తిన్‌ధారియా దగ్గర కొండ జారితే, కింది నుంచి పైదాకా బండి మళ్లీ నడవడానికి 2015 డిసెంబర్ దాకా పట్టింది.

నీళ్లు

ఇంతవరకు వచ్చిన చిక్కులన్నీ డబ్బుతో తీరేవి. అసలు చిక్కు గుట్ట అడుగున బోరులో ఉంది.

పాత కొండ రైళ్ల ఫొటోలు చూసేవాళ్లు ఇంజన్‌ను చూస్తారు, పొగను చూస్తారు. బాయిలర్ పని చేసే నాబోటి వాడి కళ్లు మాత్రం నీళ్ల గొట్టం మీదికే పోతాయి. నీలగిరి బండి హిల్‌గ్రోవ్ లాంటి చోట్ల ఆగి నీళ్లు తాగుతుంది. డార్జిలింగ్ బండీ దారిలో ఆగి నింపుకుంటుంది. అవి కొండ వాగుల నీళ్లు. ఆకాశం నుంచి పడి, రాతి మీద జారి, మట్టిలో ఎక్కువ కాలం ఉండకుండా ట్యాంకులోకి వచ్చినవి. వాటిలో సున్నం, మెగ్నీషియం కరగడానికి సమయమే దొరకదు. బాయిలర్‌కు అంతకన్నా మంచి నీళ్లు వేరే లేవు. ఆ రైళ్లు వందేళ్లు దాటి బతకడంలో బ్రిటిష్, స్విస్ పనితనానికి ఎంత పేరుందో ఆ వాగులకు అంత పేరు రావాలి. ఎవరూ ఇవ్వరు.

మన నీళ్లు నల్లరాతి సందుల్లో ఏళ్ల తరబడి నిలిచి, రాయిని నాకి బయటకొచ్చేవి. బోరు నీళ్ల పరీక్షలో కాఠిన్యం (కరిగిన సున్నం, మెగ్నీషియం) 620 పీపీఎం, అంటే లీటరుకు 620 మిల్లీగ్రాములు, మొత్తం కరిగిన లవణాలు 1,450, ఫ్లోరైడ్ 2.8 వచ్చాయి. ఫ్లోరైడ్ అంకె చూసి సేటు అదిరిపోయాడు. నల్లగొండలో పుట్టిన ఎవరైనా అదిరిపోతారు, కాళ్లు వంగిన మనుషులను చూస్తూ పెరిగాం. కానీ అది మనిషి ఎముకకు శత్రువు, బాయిలర్‌కు పెద్ద లెక్క లేదు. బాయిలర్‌ను చంపేది ఆ పక్క వరుసలోని కాఠిన్యం.

రోజుకు ఎన్ని నీళ్లో చూద్దాం. 18.6 టన్నుల బండిని గంటకు 8 కిలోమీటర్ల వేగంతో 930 కిలోల లాగుడుతో ఎక్కించడానికి చక్రం దగ్గర 27 హార్స్‌పవర్ కావాలి. ఇలాంటి చిన్న పాత ఇంజన్ ఒక హార్స్‌పవర్‌కు గంటకు 20 కిలోల ఆవిరి తాగుతుందని పట్టుకున్నాను. ఎక్కడానికి పట్టేది 17 నిమిషాలు, ఒక ఎక్కుడుకు 150 లీటర్లు. రోజుకు ఆరు ఎక్కుళ్లు, పొద్దున నిప్పు రాజేయడం, నిలబడ్డప్పుడు పోయే ఆవిరి, బ్లోడౌన్ (బాయిలర్ అడుగున చిక్కబడ్డ నీళ్లు బయటికి వదలడం) అన్నీ కలిపితే కిలోలీటరున్నర. ఆ నీళ్లలో 620 పీపీఎం అంటే రోజుకు 930 గ్రాముల సున్నం పోగవుతుంది. నెలంతా నడిస్తే పాతిక కిలోల పైనే. అందులో ఎంత బ్లోడౌన్‌లో పోయినా, మిగిలింది మంట పొగ పోయే ట్యూబుల మీద, క్రౌన్ షీట్ మీద పెచ్చు కడుతుంది. పెచ్చు కింద ఇనుముకు నీళ్లు అందవు. అంటే గ్లాసులో నీళ్లు నిండుగా ఉండగానే క్రౌన్ షీట్ ఎండినట్టు లెక్క.

గుమాస్తా ఒక ఉపాయం చెప్పాడు: ఊళ్లో తాగే నీళ్లు పటికతో శుద్ధి చేసేవాళ్లు కదా, అదే చేద్దామని. ఆయన చెప్పింది నల్లగొండ టెక్నిక్ గురించి. నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ 1970లలో రూపొందించి, మన జిల్లా పేరే పెట్టిన పద్ధతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, కలియదిప్పి, తేర్చి ఫ్లోరైడ్ తగ్గించడం. తాగడానికి మంచిదే. బాయిలర్‌కు మాత్రం విరుగుడు పేరుతో విషం. పటికతో నీళ్లలో సల్ఫేటు పెరుగుతుంది. అది కాల్షియంతో కలిస్తే ఏర్పడే పెచ్చు మామూలు సున్నపు పెచ్చు కన్నా మొండిది, ఉలితో కొట్టినా రాదు. మిల్లుల్లో ఈ సంగతి తెలియక ట్యూబులు మార్చుకున్నవాళ్లను చూశాను.

మిల్లులో పెట్టినట్టే సాఫ్ట్‌నర్ పెడితే? కాఠిన్యం పోతుంది, దాని స్థానంలో సోడియం వస్తుంది. లవణాల మొత్తం 1,450 అలాగే ఉంటుంది. బాయిలర్‌లో నీళ్లు ఆవిరవుతున్న కొద్దీ అది చిక్కబడి, నురగ లేస్తుంది. మిల్లు బాయిలర్‌కు ఆవిరి ఖాళీ ఎక్కువ, కదలదు కూడా. లోకోలో ఖాళీ తక్కువ, ఊగుతుంది, వంగుతుంది. నురగ నీళ్లు ఆవిరితోపాటు సిలిండర్లోకి పోతాయి. నీళ్లు నలగవు, సిలిండర్ మూత పగులుతుంది. రివర్స్ ఆస్మాసిస్ (ఆర్‌ఓ) ప్లాంటు పెట్టొచ్చు. పెడితే అది వదిలే ఉప్పు నీళ్లు గుట్ట కింద చెలకల్లోకి పోతాయి. కింద కందులు, పత్తి వేసుకునే రైతుల బోర్లున్నాయి. ఆ దారి నేను రాయలేదు.

రాసింది వాన నీళ్లు. గుట్ట భుజం మీద పరుపు బండ వెయ్యి చదరపు మీటర్లకు తక్కువ లేదు. మా వైపు ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురుస్తుంది. సగం పట్టుకున్నా 300 కిలోలీటర్లు. బండిని శని, ఆదివారాలు, పండుగ రోజుల్లోనే నడిపితే ఏడాదికి 110 రోజులు, 165 కిలోలీటర్లు. బండ దిగువన మూత ఉన్న సిమెంటు తొట్టి, మొదటి వాన నీళ్లు బయటకు వదిలే గేటు, ఇసుక వడపోత. తొట్టి సిమెంటు నుంచి మొదట్లో కొంత సున్నం దిగుతుంది. ఒకసారి నింపి వదిలేస్తే తగ్గుతుంది. ఆ తర్వాత కొద్దిపాటి మందు, రోజువారీ బ్లోడౌన్ చాలు. కొండ రైళ్లకు వాగు చేసిన పని మనకు బండ చేస్తుంది. ఆవిరి బండి రోజూ తిరగాలన్న కోరిక దీనితో తీరదు. మిగతా రోజులకు చిన్న డీజిల్ ఇంజన్ చూసుకోమన్నాను.

ఊక

మిల్లు యజమాని కాబట్టి ఈ ప్రశ్న తప్పదని తెలుసు: "మన ఊకనే వేస్తే?" మిల్లు బాయిలర్‌కు ఊక బంగారం. ఇంజన్‌కు కాదు. ఘనమీటరు ఊక తూగేది నూరు కిలోలు. ఒక్క ఎక్కుడుకే అర ఘనమీటరు పైన కావాలి, ఆ ఫైర్‌బాక్స్ తలుపు చూస్తే పళ్లెమంత. పైగా లోకోలో గాలి గుంజేది చిమ్నీ కింద వదిలే ఆవిరి. ఆ గుంజుడుకు సగం కాలిన ఊక ఎగిరి, నిప్పు రవ్వలై పక్కనున్న ఎండు బోద గడ్డి మీద పడుతుంది. అటు అమ్రాబాద్ అడవి దూరం కాదు. ఊకలో ఐదో వంతు దాకా బూడిదే, అదీ ఇసుక లాంటిది, ట్యూబుల కొసలను గీకేస్తుంది. సింగరేణి బొగ్గు గడ్డలు, చిమ్నీకి రవ్వలు ఆపే జాలీ, వేసవిలో లైనుకు రెండు పక్కలా గడ్డి కోసిన పట్టీ రాశాను. నీలగిరిలో కొన్ని ఇంజన్లను ఆయిల్ మంటకు మార్చారు, తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపులో ఆయిల్‌తో నడిచే ఎక్స్ తరగతి ఇంజన్లు కొత్తగానే తయారు చేశారు. డబ్బుంటే మనకూ అదే మేలు.

కాగితాలు, కొలతలు

చివరికి ఇంజన్ దగ్గరికి పోయి చూశాం. బయట కొత్త నల్ల రంగు, ఇత్తడి మెరుగు. బాయిలర్ తయారీ సర్టిఫికెట్ లేదు, పాత రిజిస్ట్రేషన్ పుస్తకం లేదు. అమ్మేవాడు "ఇంజన్‌కు ఏం కాగితం సార్, రైల్వే ఇంజన్లకు బాయిలర్ తనిఖీ ఉండదు" అన్నాడు. రైల్వేల అధీనంలో ఉన్న లోకో బాయిలర్లు బాయిలర్ల చట్టం కిందికి రావు, నిజమే. వాటిని రైల్వేయే చూసుకుంటుంది. చక్కెర మిల్లుదైనా, సేటు గుట్ట మీదిదైనా ఆ మినహాయింపులోకి రాదు. 1923 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చినా ఈ విషయం మారలేదు. రిజిస్ట్రేషన్, ఏటా తనిఖీ, సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్ తప్పవు.

ట్యూబులు కొన్ని తీయించి, అల్ట్రాసోనిక్ మీటరుతో మందం కొలిచాం. 12 మిల్లీమీటర్లుండాల్సిన బారెల్ (బాయిలర్ గుండ్రటి ఒళ్లు) అడుగు ప్లేటు చాలా చోట్ల 8కి దిగింది. నీటి గీత వెంట గుంటలు. ఫైర్‌బాక్స్ ప్లేట్లను పట్టి ఉంచే స్టే కడ్డీల్లో కొన్ని తెగి ఉన్నాయి, సుత్తితో తట్టగానే బోలు చప్పుడు. ఈ బాయిలర్‌కు ప్యాచీలు వేసి ఒత్తిడి తగ్గించి నడిపించే పనికి నేను సంతకం పెట్టనని అక్కడే చెప్పాను. ఫ్రేము, చక్రాలు, సిలిండర్లు మాత్రం బాగున్నాయి. ఆమోదం ఉన్న తయారీదారుతో అదే కొలతల్లో వెల్డింగ్ బాయిలర్ కొత్తగా చేయిస్తే, కాగితాలు మొదటి రోజు నుంచే సక్రమంగా ఉంటాయి. ఖర్చు ఇంజన్ ధరను మించుతుంది.

సేటు కోప్పడలేదు, కానీ వారం రోజులు ఫోన్ చేయలేదు. తర్వాత గుమాస్తాను పంపి మూడు విషయాలు చెప్పించాడు: చుట్టు లైనుకు ఒప్పుకున్నాడు, సెలవు రోజుల్లోనే ఆవిరికి ఒప్పుకున్నాడు, బాయిలర్ ధర చూసి మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాడు. తొట్టికి గొయ్యి తవ్వుతున్నారు. ఆ తొట్టిలో ఒక వానాకాలం నీళ్లు నిలిచి పరీక్ష రిపోర్టు చేతికి వచ్చాకే పట్టాల ఆర్డరు ఇవ్వమన్నాను. ఇంజన్ అమ్మేవాడు బయానా తిరిగి ఇవ్వనంటున్నాడు. బాయిలర్‌ను తుక్కు లెక్కన కట్టి మిగతా ఇంజన్‌కు ధర తగ్గించమని బేరం నడుస్తోంది.